తాళంచెవిని గడప మీద పెట్టింది నేనే

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ప్రాక్టికల్ పరీక్షలు ఇంకా పది రోజులున్నాయనగా, మూడో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి ల్యాబ్ ముగిసిన తరువాత కూడా వెళ్ళకుండా నా బల్ల దగ్గర నిలబడ్డాడు. దేవరకొండ వైపు పల్లె నుంచి రోజూ బస్సులో నల్లగొండకు వచ్చిపోయే పిల్లవాడు. నాలుగు గంటల బస్సు తప్పితే మళ్ళీ చాలాసేపు ఆగాలి కనుక, ల్యాబ్ అయిపోయిన మరుక్షణం పరుగెత్తేవాళ్ళలో అతడే మొదటివాడు. ఆ రోజు బస్సును వదులుకున్నాడంటే ఏదో విషయముందని అనిపించింది. "సార్, జర నా సిస్టం కాడికి రావాలె. కోపం చేయొద్దు మరి," అన్నాడు.

వెళ్ళి చూశాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఉంది. తన పేరు ఏమిటని సర్వర్‌ను అడిగే కమాండ్ టైపు చేసి ఎంటర్ నొక్కాడు. అతడి హాల్‌టికెట్ నంబరు రావలసిన చోట ఒకే ఒక మాట వచ్చింది: రూట్. వరుస చివర డాలరు గుర్తు ఉండవలసిన చోట హ్యాష్ గుర్తు ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తెలిసినవాళ్ళకు ఆ ఒక్క గుర్తు చాలు, అది సర్వాధికారాలున్న ఖాతా అని. "ఎట్ల చేసినవ్ రా?" అని అడిగాను. జవాబు చెప్పకుండా అతడు ఒక ఫైలు తెరిచాడు. ఆరు వరుసల చిన్న స్క్రిప్టు అది, అంటే వరుసగా నడిచే ఆదేశాల జాబితా. పైన వ్యాఖ్యగా నా పేరు, దాని పక్కనే నేనే రాసుకున్న మాట: "తాత్కాలికం".

ఆ స్క్రిప్టు తొమ్మిదేళ్ళుగా ఆ సర్వర్‌లో ఉంది.

మా కళాశాల పేరు ఇక్కడ అవసరం లేదు. నల్లగొండ చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఆ సర్వర్ కూడా గొప్పదేమీ కాదు. పిల్లలు సీ ప్రోగ్రాములు, డేటాబేస్ అభ్యాసాలు చేసుకోవడానికి, వాళ్ళ రికార్డులు దాచుకోవడానికి పెట్టిన ఒక పాత యంత్రం. మూడు వందల పైచిలుకు ఖాతాలు ఉన్నాయి, అన్నీ సామాన్య ఖాతాలే. నిర్వాహకుడి అధికారాలు నావి మాత్రమే అని నేను అనుకుంటూ వచ్చాను. సామాన్య ఖాతా చేతిలో ఉన్న మనిషి రూట్ స్థాయికి ఎక్కడాన్ని భద్రతా రంగంలో ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. ఈ మాట వినగానే చాలామంది ఏదో మహా గణితం, చీకటి గది, నల్ల తెర ఊహించుకుంటారు. నాకు ఎదురైన సంగతి అంతకన్నా చాలా సాదాగా ఉంది, అందుకే రాయాలనిపించింది.

రూట్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. లినక్స్‌తో సహా యూనిక్స్ వంశానికి చెందిన ఏ వ్యవస్థలోనైనా ప్రతి ఖాతాకు ఒక సంఖ్య ఉంటుంది. మనకు కనిపించే పేర్లు మన సౌకర్యానికే. వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నెల్ చూసేది ఆ సంఖ్యనే. సంఖ్య 0 అయితే అది రూట్. ఏ ఫైలునైనా చదవవచ్చు, ఏ ఖాతానైనా తీసివేయవచ్చు, ఏ పనినైనా ఆపవచ్చు. సామాన్య ఖాతాకు అడుగడుగునా అడ్డుపడే అనుమతుల తనిఖీ సున్నా దగ్గరికి వచ్చేసరికి దాదాపుగా పక్కకు తప్పుకుంటుంది. పాస్‌వర్డ్‌లను పోల్చుకోలేని అక్షరాలుగా మార్చిన రూపాలు దాచే ఫైలును సైతం రూట్ చదవగలదు. ఒకప్పుడు ఆ రూపాలు అందరూ చదవగలిగే ఫైలులోనే ఉండేవి. తీసుకుపోయి తీరికగా ఛేదించుకునేవాళ్ళు ఎక్కువయ్యాక వాటిని రూట్‌కు మాత్రమే కనిపించే వేరే ఫైలులోకి మార్చారు. దాని పేరు షాడో, అంటే ఛాయ. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ కదలదు. అది ఏ స్తంభపు నీడో గుడిలో నిలబడి చూసినవాళ్ళు సులభంగా చెప్పలేరు. మా సర్వర్‌లోని ఛాయ కూడా అలాగే కదలకుండా ఉందని నేను నమ్మాను.

ఇక ఆ ఆరు వరుసల సంగతి. పిల్లలందరూ రికార్డులు పెట్టుకునే ఉమ్మడి డైరెక్టరీ (ఫోల్డర్) ఒకటి ఉంది. దాన్ని రోజూ రాత్రి ఒంటిగంటకు మూటగట్టి మరో డిస్కులో దాచడం ఆ స్క్రిప్టు పని. ప్రతి ఖాతాలోని ఫైళ్ళనూ చదవాలి కాబట్టి దాన్ని నిర్ణీత సమయానికి పనులు నడిపించే క్రాన్ అనే ఏర్పాటులో, రూట్ పట్టికలో చేర్చాను. ఇక్కడి వరకు తప్పు లేదు. కాని స్క్రిప్టును నేను ఎక్కడ పెట్టాను? అదే ఉమ్మడి డైరెక్టరీ కింద ఒక ఉపడైరెక్టరీలో. అప్పట్లో ల్యాబ్ అసిస్టెంట్ కూడా దాన్ని అప్పుడప్పుడు సవరించేవాడు కాబట్టి, ఆ ఫైలుకు కేటాయించిన ఖాతాల గుంపులోని వాళ్ళందరూ రాయగలిగేలా అనుమతి ఇచ్చాను. తరువాత సంవత్సరం రికార్డుల కోసం విద్యార్థులందరినీ అదే గుంపులో చేర్చాను. ఈ రెండు పనులూ విడివిడిగా చూస్తే సబబైనవే. రెండింటినీ కలిపి చూడవలసినవాణ్ణి నేను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ పిల్లవాడు చూశాడు. అతడు మొదట స్క్రిప్టును వెతుక్కుంటూ పోలేదు. తన రికార్డు ఒకటి పొరపాటున తుడిచిపెట్టుకుపోయి, పాత ప్రతి ఎక్కడైనా దొరుకుతుందేమోనని బ్యాకప్‌ల డైరెక్టరీలోకి తొంగిచూశాడు. ప్రతి మూటకూ యజమాని రూట్ అని, సమయం సరిగ్గా ఒంటిగంట అని గమనించాడు. అంటే ఎవరో మనిషి కూర్చుని చేస్తున్న పని కాదు, రూట్ పేరుతో గడియారం చేయిస్తున్న పని. ఆ పని చేసే స్క్రిప్టు తన కళ్ళ ముందే ఉంది, దానిలో తాను రాయగలడు. తన ఖాతాకు నిర్వాహక అధికారం కలిగించే ఒక్క వరుస దానిలో చేర్చి, బస్సెక్కి ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. రాత్రి ఒంటిగంటకు సర్వర్ ఆ వరుసను రూట్ హోదాలో శ్రద్ధగా అమలు చేసింది. తాళం పగలగొట్టింది లేదు, గోడకు కన్నం వేసింది లేదు.

సిగ్గుపడ్డాను. అయినా అక్కడికక్కడే ఫైలు అనుమతి మార్చి, నేను తప్ప మరెవరూ రాయకుండా చేసి, "అయిపోయింది, ఇక పో" అన్నాను. అతడు కదల్లేదు. "డైరెక్టరీ గట్లనే ఉన్నది గద సార్," అన్నాడు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అనుభవమున్నవాళ్ళు కూడా జారిపడే చోటు ఇది. ఫైలులోని రాతను మార్చడానికి ఆ ఫైలు మీద అనుమతి కావాలి, నిజమే. కాని ఫైలు పేరు మార్చడం, దాన్ని తీసిపారేయడం, అదే పేరుతో కొత్త ఫైలు పెట్టడం ఫైలు మీద కాకుండా అది ఉన్న డైరెక్టరీ మీది అనుమతితో జరిగే పనులు. పుస్తకంలో ఒక్క అక్షరం దిద్దనివ్వకపోయినా, అలమారాలోంచి ఆ పుస్తకాన్నే తీసి అదే అట్ట వేసిన వేరే పుస్తకం పెట్టనిస్తే ఏం లాభం? క్రాన్ చూసేది పేరునే. అందరూ రాయగలిగే తాత్కాలిక డైరెక్టరీలో ఒకరి ఫైలును మరొకరు తీయకుండా స్టికీ బిట్ అనే ప్రత్యేక గుర్తు పెడతారు. నా ఉపడైరెక్టరీకి అది కూడా లేదు. పదిహేనేళ్ళుగా ఈ పాఠాన్ని బోర్డు మీద రాసి చెప్తున్నది నేనే.

మూడో రంధ్రం ఇంకా వింతైనది, అది ఆ సాయంత్రం ఇద్దరమూ కలిసి చదువుతుంటే బయటపడింది. మూటగట్టే వరుసలో "అన్ని ఫైళ్ళూ" అని చెప్పడానికి నేను నక్షత్రం గుర్తు వాడాను. ఆ నక్షత్రాన్ని, మన ఆదేశాలను చదివి అమలు చేసే షెల్ ముందుగా విప్పి, డైరెక్టరీలోని ఫైళ్ళ పేర్లన్నింటినీ వరుసగా పేర్చి, మూటగట్టే టార్ ప్రోగ్రాముకు అందిస్తుంది. ఎవరైనా తన ఫైలు పేరునే అడ్డగీతతో మొదలుపెడితే, టార్ దాన్ని పేరుగా కాక తనకు ఇచ్చిన ఆదేశంగా భావిస్తుంది. మధ్యమధ్యలో వేరే ప్రోగ్రాములను నడిపించే ఆదేశాలు కూడా టార్‌కు ఉన్నాయి. ఫైలు పేరు పెట్టే హక్కు ఉన్న ప్రతివాడికీ రూట్‌తో మాట్లాడే అవకాశం దొరికినట్లే. ఆరు వరుసల్లో మూడు రంధ్రాలు. బ్యాకప్ మాత్రం తొమ్మిదేళ్ళూ చక్కగా పనిచేసింది, అందుకే దాని జోలికి ఎవరూ పోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక 1986 నాటి బర్కిలీ కథను మళ్ళీ గుర్తు చేసుకున్నాను. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తను కంప్యూటర్ల విభాగానికి మార్చారు. లెక్కల్లో 75 సెంట్లు తేడా వస్తే ఎందుకో చూడమన్నారు. ఆ ముప్పావు డాలరు వెంట పోతే, సముద్రం అవతలి జర్మనీ నుంచి ఎవరో వచ్చి సైనిక రహస్యాలు వెతుకుతున్నట్టు తేలింది. అతడు సామాన్య ఖాతా నుంచి రూట్ ఎలా అయ్యాడన్నదే మన విషయం. ఫైళ్ళు దిద్దుకునే ఈమాక్స్ అనే ఎడిటర్‌తో పాటు వచ్చే, ఈమెయిల్ ఉత్తరాలను జరిపే చిన్న ప్రోగ్రాము ఒకటి ఆ యంత్రంలో రూట్ అధికారంతో నడిచేది. ఉత్తరాన్ని ఎక్కడికి జరపమంటే అక్కడికి, ప్రశ్నించకుండా జరిపేది. చొరబాటుదారు తాను రాసిన ప్రోగ్రామును ఉత్తరం లాగా దానికి అప్పగించి, వ్యవస్థ ఐదు నిమిషాలకు ఒకసారి తనంతట తానే నడిపించే ఒక సేవకుడి స్థానంలో పెట్టించుకున్నాడు. ఐదు నిమిషాలు ఆగాడు. అంతే. వాళ్ళకు ఐదు నిమిషాల గడియారం, మాకు రాత్రి ఒంటిగంట గడియారం. నడుమ ముప్పై ఏళ్ళకు పైగా గడిచినా దారి మాత్రం అదే.

ఆ ఉత్తరాల ప్రోగ్రాముకు రూట్ అధికారం ఎందుకు ఇచ్చారని మా విద్యార్థి అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు యూనిక్స్ పుట్టుకలోనే ఉంది. సామాన్యుడు తన పాస్‌వర్డ్‌ను తాను మార్చుకోవాలి. కాని అది ఉండే ఫైలులో రూట్ తప్ప మరెవరూ రాయలేరు. ఈ చిక్కును విప్పడానికి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్ నిర్మాతల్లో ఒకడైన డెన్నిస్ రిచీ ఒక ఉపాయం కనిపెట్టాడు: కొన్ని ప్రోగ్రాముల మీద ఒక గుర్తు ఉంచితే, వాటిని ఎవరు నడిపినా అవి నడిపినవాడి అధికారంతో కాక ఆ ఫైలు యజమాని అధికారంతో నడుస్తాయి. దీన్ని సెట్‌యుఐడి అంటారు. 1973లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1979లో మంజూరైంది.

పిల్లలకు దీన్ని మీ సేవ కేంద్రంతో పోల్చి చెప్తాను. ఆదాయ ధ్రువపత్రం ఇచ్చే అధికారం తహసీల్దారుది. మనం నేరుగా ఆయన ముద్రను పట్టుకోలేము. కిటికీ దగ్గర కాగితం ఇస్తాం, లోపల జరగవలసింది జరిగి ముద్ర పడిన పత్రం బయటికి వస్తుంది. కిటికీ ఇవతల ఉన్నది ఎవరైనా సరే, అవతల అధికారం నిజమైనదే. అందుకే కిటికీ చాలా ఇరుకుగా ఉండాలి. నిర్ణయించిన దరఖాస్తు తప్ప మరేదీ లోపలికి పోకూడదు. "మీ పని మీరే చేసుకోండి" అని కిటికీ మనిషి లేచి తన కుర్చీ మనకు ఇస్తే ఏమవుతుందో, సెట్‌యుఐడి ప్రోగ్రాములో తప్పు ఉంటే అదే అవుతుంది. మా సర్వర్‌లో అలాంటి కిటికీలు ఎన్ని ఉన్నాయో మరుసటి రోజు లెక్కపెట్టాం. వాటిలో సగం మాకు ఏనాడూ అవసరం పడనివి. ఆ గుర్తులు తీసివేశాం. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కిటికీల్లో పెద్దది సుడో. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షెల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు దీన్ని మొదట రాశారు. రూట్ పాస్‌వర్డ్‌ను పదిమందికి పంచడానికి బదులు, ఎవరు ఏ పని చేయవచ్చో పట్టికలో రాసి, చేసిన ప్రతి పనినీ చిట్టాలో నమోదు చేయడం దాని పద్ధతి. మంచి పద్ధతే, కాని పట్టిక రాసేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి. పరీక్షల సమయాలు మార్చే ఒక్క సెట్టింగు ఫైలును తోటి అధ్యాపకులు దిద్దుకోవడానికి వీలుగా, ఆ ఫైలు మీద వీఐ ఎడిటర్‌ను రూట్‌గా నడిపే అనుమతి ఇచ్చాను. ఎడిటర్ లోపలి నుంచే షెల్‌ను పిలవవచ్చునని, ఆ షెల్ కూడా రూటే అవుతుందని నాకు తెలియక కాదు. "మన అధ్యాపకులే కదా" అనుకున్నాను. ఆ అధ్యాపకుల్లో ఒకరి పాస్‌వర్డ్ వారి స్కూటర్ నంబరు. దీనికి సరైన మార్గం సుడోఎడిట్: ఫైలు ప్రతిని తీసి, ఎడిటర్‌ను మన సామాన్య అధికారంతోనే నడిపి, దిద్దిన తరువాత మాత్రమే దాని స్థానంలో పెడుతుంది.

అలాగని సుడోఎడిట్ మీద కూడా కళ్ళు మూసుకుని భరోసా పెట్టుకోకూడదని 2021 జనవరిలో తెలిసింది. క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఆ దారిలోనే ఒక లోపాన్ని పట్టుకున్నారు. బ్యారన్ సమెడిట్ అని పేరు పెట్టారు. సుడో పట్టికలో పేరు లేని సామాన్య ఖాతా కూడా దాని ద్వారా రూట్ కాగలదు. ఆ తప్పు 2011 జులైలో కోడ్‌లో చేరింది, దాదాపు పదేళ్ళు ఎవరి కంటా పడలేదు. ఆ మరుసటి సంవత్సరం జనవరిలోనే వాళ్ళు పీకేఎగ్జెక్ అనే మరో కిటికీలో ఇంకా పాత లోపాన్ని బయటపెట్టారు. అది 2009 మేలో ఆ ప్రోగ్రాము పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ప్రతి ప్రోగ్రాముకూ నడిపేటప్పుడు ఇచ్చే మాటల జాబితాలో మొదటిదిగా కనీసం దాని పేరైనా అందుతుందని ఆ కోడ్ రాసినవారు అనుకున్నారు. ఏమీ అందకపోతే ఏమవుతుందన్న ఆలోచన లేకపోవడమే లోపం. సరిదిద్దిన రూపం అందే వరకు ఆ ప్రోగ్రాము మీది సెట్‌యుఐడి గుర్తును తీసివేయడమే అప్పట్లో అందరూ చేసిన తక్షణ చికిత్స.

కెర్నెల్ లోపాల కథ వేరు, అవి కిటికీలో కాదు, గోడలోనే ఉంటాయి. 2016 అక్టోబరులో వెల్లడైన డర్టీ కౌ అనే లోపం అప్పటికి తొమ్మిదేళ్ళుగా లినక్స్‌లో ఉంది. నాకు వీటన్నింటిలో బాగా నచ్చిన కథ 2022 మార్చిలో మాక్స్ కెల్లర్‌మాన్ అనే ప్రోగ్రామర్ వెల్లడించిన డర్టీ పైప్ లోపానిది. ఆయన లోపాల వేటకు బయలుదేరిన మనిషి కాదు. వినియోగదారులకు ఇచ్చే లాగ్ (చిట్టా) ఫైళ్ళు కొన్ని చెడిపోతున్నాయని ఫిర్యాదులు వస్తే, చెడిపోయినవి చాలావరకు నెల చివరి రోజు ఫైళ్ళే ఎందుకయ్యాయని నెలల తరబడి తవ్వాడు. చివరికి తేలింది, తప్పు తన ప్రోగ్రాములో కాదు, కెర్నెల్‌లోనే ఉందని: చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో కూడా రాయడానికి దారి ఉంది. రికార్డు పోయిందని బ్యాకప్‌లు వెతికిన మా దేవరకొండ పిల్లవాడికీ ఆయనకూ పోలిక ఏమిటని నవ్వవచ్చు గాని, ఇద్దరూ మొదలుపెట్టింది చేజారిన ఒక ఫైలు దగ్గరే.

గోడలోని పగుళ్ళకు మామూలుగా మందు ఒక్కటే, అప్‌డేట్లు చేసి యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించడం. మా సర్వర్ ఎన్నాళ్ళుగా ఆగకుండా నడుస్తోందో అడిగితే నాలుగు వందల పైచిలుకు రోజులని చెప్పింది. ఒకప్పుడు ఆ సంఖ్యను గర్వంగా చెప్పుకునేవాణ్ణి. అన్ని రోజులు ఆగలేదంటే, అన్ని రోజులుగా కెర్నెల్ మారలేదనే అర్థం. వేసవిలో కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే తప్ప ఆపే సాహసం నాకు లేదు. ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష దగ్గర్లోనే ఉంటుంది మరి.

ఇక ఆ పిల్లవాణ్ణి ఏం చేయాలన్నది వచ్చింది. విషయం తెలిసిన ముగ్గురిలో ఒకరు సస్పెండ్ చేయాలన్నారు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, దొరికినప్పుడే పట్టాలి" అన్నది వారి వాదం. వారిని తప్పుపట్టలేను. మన ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడాన్ని స్పష్టంగా తప్పు పట్టింది. అదే పనిని దురుద్దేశంతోనో మోసబుద్ధితోనో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఖాతా ఇచ్చాం కదా అంటే సరిపోదు. ఇచ్చింది సామాన్య ఖాతా. అతడు ఆ గీత దాటాడన్నది నిజం. దాటిన మర్నాడే వచ్చి చెప్పాడన్నదీ నిజమే. చెప్పకపోతే నాకు తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే చిట్టాలన్నీ ఆ యంత్రంలోనే ఉన్నాయి, రూట్ అయినవాడు వాటిని తుడిచివేయగలడు.

అతణ్ణి కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాను. స్క్రిప్టులో రాయగలనని గమనించిన క్షణానే ఆగి వచ్చి చెప్పి ఉంటే అది నూరు శాతం మంచి పని. దాన్ని నడిపించి చూడవలసిన అవసరం లేదు, ఎందుకంటే పొరపాటున ఒక్క అక్షరం తప్పు పడితే మూడు వందల మంది రికార్డులు ఆ రాత్రే పోయేవి. రెండోది, ఇలాంటి కుతూహలం తీర్చుకోవడానికి సొంత ల్యాప్‌టాప్‌లో వర్చువల్ యంత్రం (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకోవాలి, దానిని తగలబెట్టుకున్నా అడిగేవాళ్ళు ఉండరు. "సొంత ల్యాప్‌టాప్ లేదు సార్," అన్నాడు. ల్యాబ్ మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి వెతికి, నెట్‌వర్క్ తీగ పీకేసి, అతడికి అప్పగించాను. సస్పెన్షన్ మాట మళ్ళీ రాలేదు.

సర్వర్ విషయంలో మాత్రం రాజీ పడలేదు. అనుమతులు సరిచేసి ఊరుకుందామని మా వాళ్ళు అన్నారు. ఒకరు ఒకసారి రూట్ అయ్యాక, ఆ యంత్రం తన గురించి తాను చెప్పే ఏ మాటనూ నమ్మడానికి లేదు. ఫైళ్ళ జాబితా చూపే ప్రోగ్రామునే మార్చి ఉండవచ్చు, నడుస్తున్న పనుల పట్టికలో కొన్నింటిని దాచి ఉండవచ్చు. ఆ పిల్లవాడు అలాంటిదేమీ చేయలేదని నాకు నమ్మకమే. కాని తొమ్మిదేళ్ళు తెరిచి ఉన్న తలుపులోంచి అతడొక్కడే వచ్చాడని ఎవరు హామీ ఇస్తారు? అతడు మాత్రం వచ్చి చెప్పాడు, అంతే. పరీక్షలు అయిన మరుసటి శనివారం పిల్లల ఫైళ్ళు మాత్రం బయటికి తీసి, డిస్కును పూర్తిగా తుడిచి, వ్యవస్థను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాం. అందరి పాస్‌వర్డ్‌లూ మార్చాం, స్కూటర్ నంబరుతో సహా. చిట్టాలు ఇప్పుడు రాసిన వెంటనే ఆఫీసు గదిలోని వేరే యంత్రానికి కూడా పోతాయి. బ్యాకప్ స్క్రిప్టు రూట్ ఒక్కడే రాయగల డైరెక్టరీలో ఉంది, నక్షత్రం పోయింది, "తాత్కాలికం" అన్న మాట కూడా తీసేశాను.

ఒక్కటి మిగిలింది. బయటి వాళ్ళ దగ్గర కొన్న హాజరు ప్రోగ్రాము ఒకటి పూర్తి రూట్ అధికారంతో నడుస్తోంది. అమ్మినవారికి ఫోను చేస్తే, రూట్ లేకపోతే అది నడవదన్నారు. మావాడు నెట్‌వర్క్ లేని తన డెస్క్‌టాప్‌లో దాని ప్రతిని నడిపి చూసి, అది రూట్ అడుగుతున్నది కేవలం 80వ నంబరు పోర్టు, అంటే నెట్‌వర్క్ నుంచి అభ్యర్థనలు వచ్చే ఒక ద్వారం కోసమేనని కనుక్కున్నాడు. 1024 కన్నా తక్కువ నంబరు పోర్టుల మీద వినడానికి లినక్స్‌లో మామూలుగా ప్రత్యేక అధికారం కావాలి. కాని ఆ ఒక్క అధికారాన్నే విడిగా ఇవ్వవచ్చు, రూట్ మొత్తం అప్పగించనక్కర లేదు. ఈ ఆదివారం దాన్ని అసలు సర్వర్‌లో ప్రయత్నిస్తాం. ఈసారి ప్రిన్సిపాల్ గారి సంతకంతో అతడి పేరున అనుమతి పత్రం రాయించి నా సొరుగులో పెట్టాను. ఎనిమిది గంటల బస్సుకు వస్తానన్నాడు.